దోస్త్ ఫారం మీరే నింపుకోండి: ఎన్‌వీడీఏ షార్ట్‌కట్స్

కరీంనగర్ అయినా, ఆదిలాబాద్ అయినా, చాలా కాలేజీల్లో డిగ్రీ సీటుకు దోస్త్ ద్వారానే అప్లై చేయాలి. చూపు లేని స్టూడెంట్ నెట్ సెంటర్‌కు పోతే పిన్, ఓటీపీ కూడా పక్కవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వేసుకుంటే ఆ బాధ ఉండదు. పూర్తిగా ఫ్రీ. ఇందులో తెలుగు వాయిస్ కూడా ఉంది, కాకపోతే కాస్త రోబో గొంతే!

పేజీ ఓపెన్ అయ్యాక హెచ్ నొక్కితే తర్వాతి హెడ్డింగ్‌కి, ఎఫ్ నొక్కితే ఫారం ఫీల్డ్‌కి, బి నొక్కితే బటన్‌కి వెళ్తారు. షిఫ్ట్ కలిపితే వెనక్కి.

కొత్తవాళ్లు ఆగిపోయేది ఇక్కడే: పేరు టైప్ చేశాక ఎఫ్ నొక్కితే ముందుకు పోదు, పేరు చివర ఎఫ్ పడుతుంది. ఎందుకంటే అప్పుడు మీరు ఫోకస్ మోడ్‌లో ఉన్నారు. ఇన్సర్ట్+స్పేస్ నొక్కండి, టక్‌మని సౌండ్ వస్తుంది, అక్షరాలు మళ్లీ షార్ట్‌కట్స్‌గా పనిచేస్తాయి. ఇన్సర్ట్ కీ లేకపోతే సెట్టింగ్స్‌లో క్యాప్స్ లాక్‌ని పెట్టుకోవచ్చు.

ఒక్కోసారి ఉత్త "ఎడిట్" అనే వినిపిస్తుంది. అది వెబ్‌సైట్ చేసినవాళ్ల తప్పు, మీది కాదు. బ్రౌజ్ మోడ్‌లో పై బాణం నొక్కి ముందు లైన్ వినండి.

సబ్మిట్‌కు ముందు కంట్రోల్+హోమ్, తర్వాత ఇన్సర్ట్+కింది బాణం. ఫారం మొత్తం చదువుతుంది. తప్పు వినిపించగానే కంట్రోల్ నొక్కి ఆపండి.