ఉచితముగ నిచ్చినది, ఉంచుకొన్నది



సెల్ ఫోను పనిచేయుటకు లోపల నొక ఆజ్ఞల సముదాయ ముండవలెను. దానినే ఆపరేటింగు సిస్టమందురు. మన దేశపు ఫోనులలో మిక్కిలి భాగమున నున్నది ఆండ్రాయిడ్. గూగుల్ సంస్థ దీనిని 2005లో కొని, 2007 నవంబరులో ప్రకటించెను. మరుసటి యేట తొలి ఫోను వెలువడెను. దీని మూలరచన నెవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, తమ ఫోనులలో వాడుకొనవచ్చును. రుసుము లేదు.

అట్లైన నిందు పెత్తన మెవరికిని లేదా? కలదు. ఒక తోటయజమాని మేలుజాతి మామిడి అంట్లను ఊరివారికెల్ల ఉచితముగ నిచ్చెననుకొనుడు. కాని గంపపై ఆ జాతి పేరు వ్రాయుటకు తన సమ్మతి కావలెననెను. జనము వచ్చెడి సంతయు తనదే. చెట్టు మీదియే, పేరును సంతయు నతనివి.

ఇచటను నంతే. ఆండ్రాయిడ్ అను పేరు గూగుల్ వారి వాణిజ్యచిహ్నము. నియమిత పరీక్షలలో నెగ్గని ఫోనునకు ఆ పేరు దక్కదు. ప్లే స్టోరు, మ్యాప్సు మొదలగునవి ఉచిత రచనలో చేరవు. వానికి వేరుగ నొడంబడిక వలయును. ఆ యొడంబడిక కోరు తయారీదారులు ఆండ్రాయిడ్ మారురూపములతో ఫోనులు అమ్మరాదను షరతు పెక్కేండ్లు నడచినది.

2011లో అమెజాన్ సంస్థ యీ మూలరచనతోనే కిండిల్ ఫైర్ చేసి, అందు తన యంగడినే పెట్టుకొనెను. అంగడి గలవాని కది సాధ్యమయ్యెను. 2012లో గూగుల్ కూటమిలోని ఏసర్ సంస్థ, అలీబాబా వారి అలీయున్ వ్యవస్థతో ఫోను విడుదల చేయబూనెను. అది ఆండ్రాయిడ్ మారురూపమని గూగుల్, కాదని అలీబాబా వాదించిరి. తుదకు ఆ విడుదల నిలిచిపోయెను.

ఇట్టి కట్టుబాటున న్యాయము లేకపోలేదు. ఎవరికి తోచినట్లు వారు మార్చినచో, ఒక ఫోనున నడచు అప్లికేషను వేరొకదాన నడువదు, నష్టము కొనినవానిదే. కాని కట్టుబాటు పోటీదారుని గొంతు నొక్కునేని అది న్యాయము గాదు. ఈ భావముతోనే ఐరోపా కమిషను 2018లో 434 కోట్ల యూరోల జరిమానా విధించెను. 2022లో న్యాయస్థానము దానిని 412.5 కోట్లకు తగ్గించెను. ఆ యేడే అక్టోబరులో మన కాంపిటీషను కమిషను 1,337.76 కోట్ల రూపాయలు విధించెను. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను నిలిపి, కమిషను ఆజ్ఞలలో కొన్నింటిని కొట్టివేసెను.

కావున ఒక వస్తువు ఉచితమని విన్నప్పుడు, ఇచ్చిన దేమో చూచి సంతోషింపుడు. ఉంచుకొన్న దేమో అడిగి తెలిసికొనుడు. పెత్తనము తరచుగ ఆ రెండవదానియందే యుండును.