జున్ను కాని జున్ను, పక్కన ఒక గుక్క

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో చీజ్ అన్న మాటకు అర్థం వెతికితే "జున్ను" అని కనిపిస్తుంది. ఈనిన గేదె ముర్రుపాలలో బెల్లం, మిరియాలు వేసి ఇంట్లో వండిన జున్ను తిన్నవాళ్ళెవరూ ఈ అర్థాన్ని ఒప్పుకోరు. కానీ ఇరవై ఏళ్ళకు పైగా విస్కాన్సిన్‌లో ఉంటున్నాక, ఆ అర్థం రాసినాయన మీద నాకు జాలే కలుగుతోంది. పాపం, వేరే మాట ఎక్కణ్ణుంచి తెస్తాడు? మనవాళ్ళు పాలు తోడుపెట్టారు, పెరుగు చిలికారు, వెన్న కాచి నెయ్యి చేశారు, అక్కడితో సరిపెట్టుకున్నారు. పాలను ఏడాదీ రెండేళ్ళూ నేలమాళిగలో దాచుకోవలసిన అవసరం మంచుదేశాల వాళ్ళది.

ఈ రాష్ట్రంలో కారు నంబరు ప్లేటు మీదే "అమెరికాస్ డెయిరీల్యాండ్" అని రాసి ఉంటుంది. చీజ్ తయారుచెయ్యడానికి లైసెన్సు తప్పనిసరి చేసిన రాష్ట్రం అమెరికా మొత్తంలో ఇదొక్కటే. ఆ లైసెన్సుతో పదేళ్ళు పనిచేసినవాళ్ళకు, ఆ తర్వాత మూడేళ్ళ శిక్షణతో, "మాస్టర్ చీజ్‌మేకర్" అనే హోదా కూడా ఉంది. ఇంత సరంజామా మధ్య కాపురముంటూ, మన ఇళ్ళలో ఫ్రిజ్ తెరిస్తే కనిపించేది పిజ్జా మీద చల్లే తురుము సంచీ, పిల్లల శాండ్విచ్‌లోకి పసుప్పచ్చ స్లైసులూనా! శనివారం పార్టీల్లోనైతే మగవాళ్ళు గరాజ్‌లో బీరు సీసాలు, కారప్పూస, పల్లీలతో ఒక పక్క, ఆడవాళ్ళు వంటింట్లో ఒక పక్క, పిల్లలు బేస్‌మెంట్‌లో మరో పక్క. ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే తిండి ఏదైనా ఉందా అంటే, నా అనుభవంలో ఇదే.

ముందు వెన్న

మా నాన్నగారు తెనాలి దగ్గర పల్లెలో నాలుగు గేదెల్ని మేపినవారు. ఇక్కడికొచ్చినప్పుడు దుకాణంలో కొన్న వెన్న ముక్కను వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "ఇది చిలికింది కాదురా" అన్నారు. నిజమే. అమెరికాలో మామూలుగా దొరికే వెన్న స్వీట్ క్రీమ్ వెన్న, అంటే పచ్చిమీగడను నేరుగా చిలికి తీసింది. మనం పాలు తోడుపెట్టి, పులిశాక చిలుకుతాం. ఆ పులుపులోంచే కమ్మదనం వస్తుంది. మన పద్ధతికి దగ్గరగా ఉండేది "కల్చర్డ్ బటర్" అని రాసి ఉన్న వెన్న. మామూలు వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలని చట్టం. యూరోపియన్ తరహా అని అమ్మేవాటిలో 82, ఆ పైన ఉంటుంది. నెయ్యి కాచుకునేవాళ్ళు కల్చర్డ్ వెన్నతో ఒకసారి కాచి చూడండి. ఇల్లంతా వ్యాపించే వాసనకు మీ అమ్మగారు ఫోనులోనే గుర్తుపట్టేటట్టు ఉంటుంది.

ఆవు వెన్న పచ్చగా, గేదె వెన్న తెల్లగా ఎందుకుంటాయని మా చిన్నవాడు అడిగాడు. గడ్డిలోని కెరోటిన్ ఆవుపాల కొవ్వులోకి అలాగే దిగుతుంది, గేదె దాన్ని విటమిన్ ఏ గా మార్చేసుకుంటుంది, అందుకని తెలుపు. చెడ్డర్ నారింజ రంగు మాత్రం ఆవు గొప్పతనం కాదు. మన జాఫ్రా గింజల రంగే!

ఈ రాష్ట్రానికి వెన్న మీద ఎంత అభిమానమంటే, రంగు వేసిన మార్గరిన్‌ను 1895 నుంచి 1967 దాకా అమ్మనివ్వలేదు. ఇప్పటికీ హోటల్లో మీరు అడిగితే తప్ప వెన్నకు బదులు మార్గరిన్ వడ్డించకూడదని చట్టముంది. డాల్డా డబ్బాల్లో తులసి మొక్కలు పెంచుకుంటూ పెరిగిన నాకు ఈ పట్టుదల బాగా నచ్చింది.

వెన్నతో తాగడమేమిటంటారా? ముల్లంగి చక్రాల మీద వెన్న రాసి, పైన రెండు ఉప్పురవ్వలు వేసి, పుల్లటి తెల్ల వైన్‌తో తిని చూడండి. ప్రెయిరీ డు సాక్ ఊళ్ళో వోలర్‌షైమ్ అనే వైనరీ ఉంది. అక్కడి కొండవాలు మీద 1840లలో మొదట ద్రాక్ష నాటించిన అగస్టన్ హరస్తీ అనే హంగేరీ ఆయన, ఆ తర్వాత కాలిఫోర్నియా వెళ్ళి అక్కడి వైన్ పరిశ్రమకు ఆద్యుల్లో ఒకరయ్యాడు. అక్కడి "ప్రెయిరీ ఫ్యూమే" వైన్ వెన్నకు, మెత్తటి చీజ్‌కు బాగా అతుకుతుంది.

అత్తయ్యగారి ప్రశ్న

తాగడం దాకా వెళ్ళకముందే, మన ఇళ్ళలో తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. పాలు విరగడానికి ఏం వేస్తారు?

పనీర్ నిమ్మరసంతో విరుగుతుంది. చీజ్‌కు చాలావరకు రెనెట్ కావాలి. సంప్రదాయ రెనెట్ పాలు తాగే దూడ కడుపులోంచి తీస్తారు, దూడను చంపాకే. ఇటలీ పార్మిజానో రెజ్జానో, స్విట్జర్లాండ్ గ్రుయేర్ అసలు పేరుతో అమ్మాలంటే జంతు రెనెట్‌తోనే చెయ్యాలి. అంటే "పాలే కదా" అని శాకాహారులు నిశ్చింతగా తినేవాటిలో ఇవి లేవు. తక్కినవి మూడు రకాలు: కొన్ని మొక్కల నుంచి తీసినవి, బూజుజాతి సూక్ష్మజీవుల్లో సహజంగా పుట్టేవి, మూడోది 1990లో అమెరికా ప్రభుత్వం అనుమతించిన పద్ధతి. ఈ మూడోది నాకిలా అర్థమైంది: దూడ దగ్గరున్న సోర్స్ కోడ్‌లో ఒక ఫంక్షన్ కాపీ చేసి, సూక్ష్మజీవిలో పెట్టి రన్ చేయించడం. ఇప్పుడు అమెరికాలో తయారయ్యే చీజ్‌లో ఎక్కువ భాగం ఈ ఎంజైముతోనే. తయారీలో ఏ దూడా ఉండదు.

చిక్కేమిటంటే, లేబుల్ మీద చాలాసార్లు "ఎంజైములు" అని మాత్రమే రాస్తారు. ఏ ఎంజైములు? మా అత్తయ్యగారు ఆరు నెలలకు వచ్చినప్పుడు ఇదే అడిగారు. ఒక తయారీదారుకు ఫోన్ చేస్తే, మూడుసార్లు బదిలీ చేసి, చివరికి "మైక్రోబియల్" అన్నారు. ఆవిడకు నేను ఆ సోర్స్ కోడ్ కథంతా వివరించాను. శ్రద్ధగా విని, "మొదటి కాపీ ఎక్కణ్ణుంచి వచ్చింది నాయనా?" అన్నారు. దూడ నుంచే అన్నాను. "అయితే నాకొద్దులే, మీరు తినండి," అని పళ్ళెం పక్కకు జరిపారు. నేను వాదించలేదు. ఆవిడ లెక్క ఆవిడది, అందులో తప్పేమీ నాకు కనపడలేదు. మా ఆవిడ మాత్రం ఆ మైక్రోబియల్‌ది నిస్సంకోచంగా తింటుంది, జంతు రెనెట్‌ది తినదు. అందుకని మా పళ్ళెంలో మూడు రంగుల టూత్‌పిక్కులుంటాయి, ఏది ఎవరికో అడగక్కర్లేకుండా.

వైన్‌కూ ఇదే పరీక్ష. తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, జెలటిన్, చేప గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడే చోట్లున్నాయి. గిన్నిస్ బీరు ఐసింగ్లాస్ మానేస్తామని 2015లో ప్రకటించింది. వీగన్ అని రాసి ఉన్న సీసా కొంటే గొడవ లేదు.

ఏది దేనితో

ఎర్ర వైన్, చీజ్ అంటే సినిమాల్లో చూపించే జంట. నా మట్టుకు బీరే మెరుగు. వైన్‌లోని వగరు చీజ్ కొవ్వుతో ఒక్కోసారి పొసగదు. బీరులోని బుడగలు నాలుక మీది కొవ్వును కడిగేస్తాయి, మళ్ళీ ముద్దకు చోటిస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో 2006 ప్రాంతంలో ఎనిమిది ఎర్ర వైన్లను ఎనిమిది చీజ్‌లతో రుచి చూపించి పరీక్షిస్తే, చీజ్ వైన్ రుచుల్ని మందగింపజేసిందని తేలింది. 2016లో ఫ్రెంచివాళ్ళు చేసిన మరో పరిశోధన, చీజ్ తిన్నాక వైన్ జనానికి ఇంకా నచ్చిందని చెప్పింది. రెండూ నిజమే కావచ్చు. రుచి సన్నగిల్లితే చవక వైన్ కూడా బాగానే ఉంటుంది మరి!

మొదట పిల్లలతో మొదలుపెట్టండి. ఆ రోజే చేసిన చీజ్ కర్డ్స్ కొరికితే పళ్ళ కింద కిచకిచలాడతాయి. లోపలి ప్రోటీన్, క్యాల్షియం అల్లిక పళ్ళకు రాసుకుంటే వచ్చే చప్పుడది. ఒకటి రెండు రోజులకు పులుపు ఆ అల్లికను వదులు చేస్తుంది, చప్పుడు పోతుంది. మైక్రోవేవ్‌లో కొన్ని సెకన్లు పెడితే కాసేపు తిరిగొస్తుంది. పెద్దవాళ్ళు దీంతో న్యూ గ్లారస్ బ్రూవరీవాళ్ళ "స్పాటెడ్ కౌ" తాగుతారు. 1993లో మొదలైన ఈ బ్రూవరీ సరుకు విస్కాన్సిన్ దాటి అమ్మదు. షికాగో స్నేహితులు మనింటికి రావడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. పిల్లలకు స్ప్రెకర్ రూట్ బీరు. పేరులోనే బీరు.

డాడ్జ్‌విల్ దగ్గర అప్‌లాండ్స్ అనే పొలంలో ఆవులు పచ్చిక మేసే నెలల్లోనే చేసే "ప్లెజంట్ రిడ్జ్ రిజర్వ్" 2001, 2005, 2010లలో అమెరికన్ చీజ్ సొసైటీ పోటీలో అత్యుత్తమంగా నిలిచింది. ఆల్ప్స్ కొండల తరహా. వేరుశనగ వేయించిన వాసన, చివర్లో తీపి. దీనికి గోధుమరంగు ఏల్ బీరు. పదేళ్ళ చెడ్డర్‌లో పంటికి తగిలే పలుకులు ఉప్పు కాదు, ముదిరినకొద్దీ ఏర్పడే స్ఫటికాలు. దానికి డోర్ కౌంటీ చెర్రీలతో చేసే "బెల్జియన్ రెడ్" బీరు. ఒక్కో సీసాకు పౌనుకు పైగా చెర్రీలు పడతాయంటారు. మా ఇంట్లో ఆ చెడ్డర్ పక్కన చిటికెడు ఆవకాయ కూడా ఉంటుంది. అయితే ఒక మాట: కారంతో మద్యం కలిస్తే మంట ఇంకా పెరుగుతుంది. పాలలోని కేసీన్ మాత్రం మంటను లాగేస్తుంది. కాబట్టి ఆవకాయకు చీజ్ తోడు, బీరు కాదు.

పాలు పడనివాళ్ళకు ఒక శుభవార్త. బాగా ముదిరిన చీజ్‌లో లాక్టోజ్ దాదాపు ఉండదు. గర్భిణులు మాత్రం పచ్చిపాల మెత్తటి చీజ్ జోలికి పోకూడదు.

ఇక మన్రో ఊరు. అమెరికాలో లింబర్గర్ చీజ్ దశాబ్దాలుగా తయారైంది ఈ ఊరి దగ్గరే. దాని పైపొరలో పెరిగే సూక్ష్మజీవి, చెమట పాదాల మీద పెరిగేదానికి దగ్గర చుట్టం. వాసన అలాగే ఉంటుంది. 1935లో ఆయోవాలోని ఇండిపెండెన్స్ ఊరి పోస్ట్‌మాస్టర్, ఈ చీజ్ పార్సెల్ వాసనకు పోస్ట్‌మన్ తల తిరుగుతోందని దాన్ని వెనక్కి తిప్పి పంపాడు. మన్రో పోస్ట్‌మాస్టర్ వాషింగ్టన్ దాకా ఫిర్యాదు చేసి, చీజ్ టపాలో పంపవచ్చని తేల్పించాడు. చివరికి ఇద్దరూ డుబ్యూక్‌లో పత్రికలవాళ్ళ ముందు వాసన చూసే ద్వంద్వయుద్ధానికి కూర్చుంటే, ఆయోవా ఆయనకు అసలు వాసనే తెలియదని బయటపడింది!

మా అమ్మాయి ఆరో తరగతిలో ఇంగువ వాసనకు స్కూల్లో ముక్కులు మూసుకున్నారని, పులిహోర డబ్బా తీసుకెళ్ళడం మానేసింది. వాళ్ళమ్మ ఎంత నచ్చజెప్పినా వినలేదు. మన్రో నడిబొడ్డున 1931 నుంచి ఉన్న బామ్‌గార్ట్‌నర్స్‌లో రై రొట్టె మీద లింబర్గర్, పచ్చి ఉల్లిపాయ, ఆవపిండి పెట్టి, పక్కన ఒక పిప్పరమెంటు చాక్లెట్ ఇస్తారు. ముక్కు మూసుకోకుండా తినే ఊరివాళ్ళను ఆ పిల్ల చాలాసేపు చూసింది. "వీళ్ళు దీన్ని దాచుకోరా?" అని అడిగింది. "దాచుకోవడమా? సమ సంఖ్య వచ్చిన ప్రతి ఏడాదీ సెప్టెంబరులో చీజ్ పండగే చేస్తారు," అన్నాను. నేను నల్లని లాగర్‌తో తిన్నాను, తను రూట్ బీరుతో సగం తిని నాకిచ్చింది. ఆ మంగళవారం పులిహోర డబ్బా బడికి వెళ్ళింది. సగం తిరిగొచ్చింది, అది వేరే సంగతి.

విస్కాన్సిన్ చట్టం ప్రకారం తల్లిదండ్రులు పక్కనుంటే 21 నిండని పిల్లలకు కూడా హోటల్లో మద్యం పొయ్యవచ్చు. దీన్ని చూసి మనవాళ్ళు కొందరు ముచ్చటపడుతున్నారు. నాకు నచ్చలేదు. మా ఇంట్లో 21 అంటే 21. పిల్లలకు పొయ్యకుండానే, పెద్దవాళ్ళు ఎలా తాగుతారో వాళ్ళు చూస్తూనే ఉంటారు కదా. గరాజ్ తలుపేసుకుని ఆరు సీసాలు ఖాళీ చెయ్యడం ఒకటి. అందరి ముందూ బల్ల దగ్గర రెండు ఔన్సులు గ్లాసులో పోసుకుని, గంటసేపు చీజ్ ముక్కలతో ముచ్చట్లాడటం ఇంకొకటి. కారు నడిపేవాళ్ళకు ఆపిల్ సైడర్ చాలు, పులియనిది. అది చెడ్డర్‌తో ఎంత బాగుంటుందంటే నేను కొన్నిసార్లు కావాలనే తాళాలు అడిగి తీసుకుంటాను.

మొదటిసారి మూడు రకాలు చాలు, మనిషికి ఒక్కోటి ఒక ఔన్సు. తినే ముందు గంటసేపు ఫ్రిజ్ బయట పెట్టండి, చల్లటి చీజ్‌కు రుచి తెలియదు. చప్పనిదానితో మొదలుపెట్టి ఘాటైనదాని వైపు వెళ్ళండి. అత్తయ్యగారి లాంటివాళ్ళుంటే "బ్రెడ్ చీజ్" తెచ్చి పెనం మీద కాల్చండి; ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఈ చీజ్ కరగదు, పనీర్ లాగే ఎర్రబడుతుంది. రెనెట్ సంగతి మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మొక్కల రెనెట్ అని చెప్పిన ఒక చిన్న డెయిరీ నుంచి మేం తెచ్చినదాన్ని ఆవిడ అల్లం పచ్చడితో తిన్నారు. రెండో ముక్క అడిగి మరీ తీసుకున్నారు.