హామ్ రేడియో సంఘము: ఓటరు, ప్రతినిధి, అధ్యక్షుడు

తుపాను గాలికి స్తంభములు కూలి, తీగలు తెగినప్పుడు ఊరికిని మండల కేంద్రమునకును మధ్య మాట నిలిచిపోవుట మన పంచాయతీ సభ్యులలో పెక్కుమందికి అనుభవమే. అట్టివేళ బ్యాటరీతో నడచు చిన్న యంత్రముతో వార్తలు పంపగలవారు కొందరు గలరు. వీరినే హామ్ రేడియో వారందురు. వీరు ప్రభుత్వ పరీక్షలో నెగ్గి, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేక కేవలము అభిరుచితో ఈ పని చేయుదురు. 2004 డిసెంబరులో సునామీ అండమాను దీవులను ముంచెత్తినప్పుడు, అప్పటికే పోర్టుబ్లెయిరులోనున్న హామ్ బృందము ప్రధాన భూభాగమునకు వార్తలు చేరవేసినది.

యంత్రము ఎంత మంచిదైనను, మాటాడుటకు రేడియో తరంగములు కేటాయింపబడవలెను. ఆ కేటాయింపు ప్రభుత్వముల చేతిలోనిది. సైన్యము, నౌకలు, వ్యాపార సంస్థలు కోరునవి కూడ ఆ తరంగములే. కనుక తమ పక్షమున మాటాడు సంఘము వీరికి అవసరమైనది.

అమెరికాలో 1914లో హిరాం పెర్సీ మాక్సిమ్, క్లారెన్స్ టస్కా అనువారు హార్ట్‌ఫర్డు నగరమున అమెరికన్ రేడియో రిలే లీగును స్థాపించిరి. 1917లో యుద్ధము కారణముగా ఔత్సాహికుల కేంద్రములన్నియు మూయబడినవి. యుద్ధము ముగియగనే రేడియోను నౌకాదళము వశము చేయు బిల్లు వచ్చినది. మాక్సిమ్ శాసనకర్తల ఎదుట హాజరై వాదించెను. సభ్యులు తమ ప్రతినిధులకు లేఖలు వ్రాసిరి. బిల్లు నెగ్గలేదు, 1919లో నిషేధము తొలగినది.

ఈ సంఘమున ఎన్నిక జరుగు తీరు గమనింపదగినది. దేశమును 15 విభాగములుగా విభజించిరి. ప్రతి విభాగమునందలి సభ్యులు ఒక సంచాలకుని, ఒక ఉపసంచాలకుని మూడేండ్లకు ఎన్నుకొందురు. అన్ని స్థానములకు ఒకేసారి కాక, ఏటేట మూడవవంతు స్థానములకు ఎన్నిక జరుగును. అందుచే అనుభవజ్ఞులు, క్రొత్తవారు కలసి పనిచేయుదురు. అధ్యక్షుని మాత్రము సభ్యులు నేరుగా ఎన్నుకొనరు, సంచాలకులే ఎన్నుకొందురు. మన గ్రామములలో సర్పంచిని ఓటర్లును, ఉపసర్పంచిని సభ్యులును ఎన్నుకొనుట మనమెరుగుదుము. అక్కడి అధ్యక్షుని ఎన్నిక మన ఉపసర్పంచి ఎన్నికను పోలినది.

ఇట్టి ఏర్పాటులో ఓటరుకు, అధ్యక్షునికి నడుమ గల వంతెన సంచాలకుడే. 2017లో ఆ వంతెన కదలినది. మండలి నిర్ణయములను సంచాలకులు బహిరంగముగా బలపరుపవలెనను నియమము చేసి, అదే సంవత్సరము ఒక సంచాలకుని మండలి బహిరంగముగా అభిశంసించినది. తమ ప్రతినిధి తమతో మనసు విప్పి మాటాడరాదా యని సభ్యులు పెక్కుమంది అభ్యంతరము తెలిపిరి. 2018లో మండలి ఆ నియమావళిని పునఃపరిశీలనకు తీసికొనవలసి వచ్చినది. ఆ యేటి ఎన్నికలలో ఓడినవారిలో పదవిలోనున్న సంచాలకులును కలరు.

మండలి పక్షమున చెప్పదగినదియు కలదు. ప్రభుత్వము ఎదుటికి పోవునప్పుడు పదిమంది పది మాటలాడిన ఏ కోరికయు నెరవేరదు. అయినను తీర్మానమునకు లోబడుట వేరు. ఓటరుకు కారణము చెప్పకుండుట వేరు. మొదటిది క్రమశిక్షణ. రెండవది నమ్మకమును పోగొట్టును.

రోడ్డు కొరకో, మంచినీటి కొరకో పై అధికారులను అడుగబోవునప్పుడు మన పంచాయతీ ఒక్క గొంతుతో మాటాడవలెను. అంతకుముందు గ్రామసభలో భిన్నాభిప్రాయములన్నియు వినబడవలెను. విని చేసిన తీర్మానమునకే బలముండునని మేము భావించుచున్నాము.