వివాహసంబంధము – మతనిష్ఠ



మా నూజివీడు ప్రాంతమున పూతను చూచి మామిడితోటను గుత్తకు తీసికొను వర్తకుడు సైతము నేల యెట్టిది, నీరెంత, చెట్ల వయస్సెంత యని ముందుగనే విచారించును. సంబంధము కుదుర్చుకొనునపుడు మనము గోత్ర మడుగుదుము, జాతకము చూతుము, భూవసతి విచారింతుము. వరుడు దేనిని నమ్మును, వధువు దేనిని విడువజాలదు అను ప్రశ్న మాత్రము మన నోట రాదు.

మొన్న నొక తండ్రి నాయొద్దకు వచ్చెను. ఆయన కుమార్తె చిన్ననాటినుండి రామభక్తురాలు. ఆమె వరించిన యువకుడు క్రైస్తవుడు, ఆదివారము ప్రార్థన తప్పనివాడు. ఇరువురును యోగ్యులే. “పంతులుగారూ, ఎవరో యొకరు మతము మార్చుకొన్నట్లు కాగితముమీద వ్రాసియిచ్చినచో చిక్కు తీరును గదా?” అని యాయన యడిగెను.

ఇట్టి వ్రాతను ఒకప్పుడు చట్టమే కోరెను. బ్రహ్మసమాజమువారి ప్రయత్నమున 1872లో నేర్పడిన ప్రత్యేక వివాహచట్టము ననుసరించి పెండ్లియాడువారు, తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతములలో దేనిని అవలంబించువారము కామని ప్రకటింపవలసియుండెను. 1923లో హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులు తమలో తాము పెండ్లియాడుటకు ఆ నిబంధన సడలింపబడెను. 1954 నాటి చట్టము దానిని అందరికిని తొలగించెను.

1955 నాటి హిందూ వివాహచట్టము ఇరువురును హిందువులైననే చెల్లును. కాని 1954 నాటి చట్టము క్రింద ఎవరి మతమున వారుండియే పెండ్లియాడవచ్చును. వరునికి 21, వధువునకు 18 ఏండ్లు నిండవలెను. ఇద్దరిలో నొకరు కనీసము 30 దినములు నివసించిన జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇయ్యవలెను. అది ప్రకటింపబడిన 30 దినములలో చట్టసమ్మతమైన ఆక్షేపణ రానిచో, ముగ్గురు సాక్షుల యెదుట వివాహము జరుగును. ఒక సంగతి పెద్దలెరుగవలెను. ఈ చట్టము క్రింద అన్యమతస్థులను పెండ్లియాడిన హిందువు ఉమ్మడి కుటుంబమునుండి వేరుపడినట్లు భావింపబడును. ఐనను ఆస్తిహక్కు పోదు.

ఒకే యింట రెండు మతములు పొసగునా యందురేమో. మన తెలుగునేలనే పూర్వోదాహరణము కలదు. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో కృష్ణాతీరమున విజయపురి నేలిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు. ఆయన మేనకోడలు బాపిశ్రీ మేనరికమున ఆయన కుమారుడు వీరపురుషదత్తుని చేపట్టి ఆ యింటి కోడలయ్యెను. ఆమె నాగార్జునకొండయందలి బౌద్ధ మహాచైత్యము చెంత నిర్వాణసిద్ధిని కోరి శిలాస్తంభమును నిలిపెను. ఆ శాసనముననే మామగారి యజ్ఞములును గౌరవముతో పేర్కొనబడినవి. ఆమె బుద్ధుని విడువలేదు. మామగారి ధర్మమును నిందింపనులేదు.

కావున ఆ తండ్రితో నేనిట్లంటిని: “అయ్యా, మనసు మారి మతము మారుట వేరు, పెండ్లికొరకు మారితినని వ్రాయుట వేరు. రెండవది అసత్యము. దేవుని యెదుట బొంకనేర్చినవాడు ఆలి యెదుట బొంకడా? ముహూర్తమునకు ముందే పిల్లల నిద్దరిని కూర్చుండబెట్టి యడుగుడు. ఇంట పూజయు ప్రార్థనయు రెండును సాగునా? బిడ్డలకు నామకరణ మెట్లు? వారిని గుడికి పంపుదురా, చర్చికి పంపుదురా? కడపట దహనమా, ఖననమా? సమ్మతి కుదిరినచో మనసార దీవింపుడు. కుదరనిచో ఇప్పటి దుఃఖము చిన్నది, పెండ్లియైన పిమ్మటి దుఃఖము పెద్దది. అందు బిడ్డలకును పాలుండును.”

ఆయన చాలసేపు మాటాడలేదు. లేచి పోవునపుడు కాగితము మాట మరల నెత్తలేదు. వచ్చు ఆదివారము, ప్రార్థన ముగిసిన పిమ్మట, ఆ యబ్బాయిని తన యింటికి భోజనమునకు పిలుతునని మాత్రము చెప్పెను.