తెర వెనుక కూర్పు పని

ఇంట రేడియో ఉన్న ప్రతివారికిని దాని ముఖము బాగుగా తెలియును. ఒక ప్రక్క ధ్వనిని పెంచి తగ్గించు మీట, మరియొక ప్రక్క స్టేషన్లను వెదకు మీట, ఆ రెంటి నడుమ అంకెలు వ్రాసిన పలక. పెట్టె లోపల ఏమి జరుగుచున్నదో మనకు తెలియనక్కరలేదు. మీటను త్రిప్పగానే మాట వినబడవలెను. మనకు కావలసినది అంతే. ఆ పెట్టెను తయారుచేసినవాడు సైతము మీటలను తన చేతితో చేసినవాడు కాడు. మీటలు ఒకచోట, స్పీకరు మరియొకచోట తయారై వచ్చును. అతడు వానిని ఏరి, కూర్చి, పరీక్షించి పెట్టెలో అమర్చును.

కంప్యూటరు తెరకును, చేతిలోని ఫోను తెరకును ఇట్టి ముఖమే ఒకటి కలదు. దానిని యూజర్ ఇంటర్‌ఫేస్ అందురు. మనము నొక్కు బటను, పేరు వ్రాయు గడి, జిల్లాను ఎన్నుకొను జాబితా, తేదీలను చూపు క్యాలెండరు, ఇవి యన్నియు ఆ ముఖములోని భాగములే. నేటి ప్రోగ్రామరు వీనిని మొదటినుండి తానే నిర్మించుట అరుదు. ఎవరో ముందుగా తయారుచేసి ఉంచిన భాగములను తెచ్చి కూర్చుచున్నాడు. అట్టి భాగములకు కాంపొనెంట్లు అని పేరు. ఈ కూర్పు పని ఎట్లు సాగునో, అందులో మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములవారికి సంబంధించిన చిక్కులు ఎట్టివో ఇచ్చట కొంత వివరింపదలచినాము.

ఈ పద్ధతికి పోలిక వెదకుటకు దూరము పోనక్కరలేదు. కరీంనగరు వెండి తీగెపని 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన కళ. పనివాడు వెండిని కరిగించి కడ్డీగా పోసి, ఉక్కు పలకలోని సన్నని రంధ్రముల గుండ లాగి తీగె తీయును. రెండు తీగెలను పురిపెట్టి, అణచి, చిన్న చిన్న చుట్టలుగా వంచును. పిమ్మట మందమైన తీగెతో చట్రము కట్టి, ఆ చుట్టలను అందులో పేర్చి, వెలిగారము చల్లి అతికించును. చుట్ట ఒక్కటే అయినను చట్రమునుబట్టి పూవగును, ఆకగును, నెమలి పురి యగును. కంప్యూటరు తెరను కూర్చు విధానమును ఇంచుమించుగా ఇట్టిదే. అయితే వెండి చుట్టను పనివాడు తానే వంచుకొనును. తెరమీది చుట్టను మాత్రము ఎక్కడో, ఎవరో, ఏ భాషవారినో మనసులో ఉంచుకొని వంచిరి. భేదము అక్కడనే కలదు.

ఈ భాగముల చరిత్ర దీర్ఘమైనది కాదు. 1981లో జిరాక్స్ సంస్థ స్టార్ అను యంత్రమును విక్రయమునకు తెచ్చినప్పుడు తెరమీద కిటికీలు, గుర్తులు, మెనూలు కనబడినవి. 1984లో వచ్చిన ఆపిల్ వారి మెకింటాష్ యంత్రములో, మెనూలను బటన్లను గీయు ప్రోగ్రాములను యంత్రములోని చిప్పులోనే నిక్షేపించిరి; ప్రోగ్రామరు వానిని పిలిచినచో చాలును. 1991లో మైక్రోసాఫ్ట్ వారి విజువల్ బేసిక్ వచ్చినది. భాగములను పనిముట్ల పెట్టెలోనుండి ఎత్తి తెరమీద పెట్టుటయే అందులోని విధానము. దుకాణముల లెక్కలకు, కార్యాలయముల పద్దులకు వలయు ప్రోగ్రాములు దీనివలన త్వరత్వరగా తయారైనవి. 1995లో డెల్ఫై అదే బాట నడచినది. వెబ్ పుటలు వ్యాపించిన పిదప, 2011లో ట్విట్టరు ఉద్యోగులు రూపొందించిన బూట్‌స్ట్రాప్, 2013లో ఫేస్‌బుక్ వారు అందరికిని ఉచితముగా విడుదల చేసిన రియాక్ట్ ఈ కూర్పు విధానమును ఇంటింటి పని గావించినవి. వెబ్ కొరకు చేసిన భాగములనే కంప్యూటరులో నడచు అప్లికేషన్లకును వాడుటకు ఎలక్ట్రాన్ అను సాధనము తోడ్పడినది.

ఒక బటనులో ఇంత పని ఏమున్నదని పాఠకులకు సందేహము కలుగవచ్చును. బటను అనగా నాలుగు గీతలును ఒక మాటయు కాదు. వ్రేలు తాకినప్పుడు అది నొక్కబడినట్లు కనబడవలెను. పని పూర్తికాక ముందు రెండవసారి నొక్కినచో రెండు రుసుములు చెల్లిపోకుండ చూడవలెను. నొక్కరాని వేళ వెలవెలబోవలెను. మౌసు లేనివారు కీబోర్డుతోనే దానిని చేరగలుగవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అది తన్నుతాను బటను అని చెప్పుకొనవలెను. ఎవరితో? తెరను చెవితో చదువువారితో. చూపులేనివారి కొరకు తెరమీది మాటలను పైకి చదువు ప్రోగ్రాములు కలవు. వానిలో ఎన్.వి.డి.ఏ. అనునది 2006లో ఆస్ట్రేలియాలో ఆరంభమై ఉచితముగా లభించుచున్నది. సరిగా చేసిన బటను వద్దకు అది వచ్చినప్పుడు "సమర్పించు, బటను" అని వినిపించును. బటనువలె గీసిన వట్టి బొమ్మ వద్దకు వచ్చినచో ఏమియు తోచక మౌనము వహించును. వినికిడియే వృత్తిగా గల మాకు ఆ మౌనము ఎంతటిదో తెలియును. రేడియోలో అర నిమిషము మౌనము ఏర్పడినచో శ్రోత స్టేషను మూతబడినదనుకొనును.

కనుక అనుభవజ్ఞులు శ్రద్ధతో చేసిన భాగమును తెచ్చుకొనుట సోమరితనము కాదు, వివేకము. దానివలని మేలునకు మన జిల్లాలలోనే చక్కని ఉదాహరణము ఉన్నది. 2016 అక్టోబరు 11న తెలంగాణములోని 10 జిల్లాలు ఒక్క దినమున 31 అయినవి. పాత కరీంనగరు జిల్లానుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుపడినవి. పాత ఆదిలాబాదు జిల్లానుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు ఏర్పడినవి. 2019 ఫిబ్రవరిలో మరి రెండు చేరి మొత్తము 33 అయినది. ఇప్పుడు ఒక సంస్థకు నూరు దరఖాస్తు పుటలు ఉన్నవనుకొందము. ప్రతి పుటలోను జిల్లాల జాబితాను వేరువేరుగా వ్రాసి ఉంచినచో నూరు చోట్ల దిద్దవలెను. అందులో నాలుగు చోట్ల మరచుట సహజము. మంచిర్యాలవాసి ఆ నాలుగింటిలో ఒకదానిని తెరచినప్పుడు తన జిల్లా అతనికి కనబడదు. జాబితాను ఒకే భాగముగా చేసి, దానినే నూరు పుటలలో అమర్చినచో ఒక్కచోట దిద్దిన చాలును. నూరు పుటలును ఒక్కమారుగా మారును. సిద్ధభాగము యొక్క బలమంతయు ఈ ఒక్క మాటలోనున్నది: ఒకచోటి ఒప్పు అన్నిచోట్ల ఒప్పగును.

అయితే నాణెమునకు రెండవ ప్రక్కయు ఉన్నది. ఒకచోటి తప్పు కూడ అన్నిచోట్ల తప్పగును. ఇంగ్లీషును మాత్రమే తలచి చేసిన భాగము తెలుగు చేతికి వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడును.

తెలుగు అక్షరము ఇంగ్లీషు అక్షరమువలె ఒక వరుసలో నిలుచునది కాదు. పైన గుడి, ఏత్వము, క్రింద వత్తులు. దరఖాస్తులో "స్త్రీ" అను మాటను తీసికొనుడు. సకారమునకు పైన దీర్ఘము, క్రింద తకార రేఫముల వత్తులు. ఇంగ్లీషు అక్షరముల ఎత్తునకు సరిగా కత్తిరించిన బటనులో ఈ మాటను పెట్టినచో క్రింది వత్తు తెగిపోవును. చదువరికి మిగులునది మాట కాదు, మాట ముక్క. బటను ఎత్తును ఇన్ని చుక్కలని కట్టడి చేయక, లోపలి మాటనుబట్టి పెరుగనిచ్చినచో ఈ చిక్కు తీరును. ఇది పెద్ద విద్య కాదు. తలపునకు రావలెను, అంతే.

లెక్క విషయము మరింత సూక్ష్మమైనది. ప్రపంచ లిపులన్నిటికిని అంకెలు కేటాయించు యూనికోడ్ ప్రమాణములో 1991నాటి మొదటి కూర్పునుండియు తెలుగున్నది. అందులో హల్లు, అచ్చు గుర్తు, పొల్లు, ఇవి వేరువేరు సంకేతములు. "లక్ష్మీనారాయణ" అను పేరు మన కంటికి ఆరు అక్షరములు. యంత్రము లెక్కలో పదమూడు సంకేతములు. పేరు గడిలో పది సంకేతములకు మించరాదని పరిమితి పెట్టినచో ఆ పెద్దమనిషి "లక్ష్మీనార" అయి ఆగిపోవును. పరిమితి పెట్టినవానికి మనపై ద్వేషము లేదు. తెలుగు పేరు అతని కంటబడలేదు. "మొదటి పేరు", "చివరి పేరు" అని రెండు గడులు పెట్టు అలవాటును ఇట్టిదే. మనకు ఇంటిపేరు మొదట వచ్చును. ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా నింపుదురు. ఒకే వ్యక్తి రెండు పత్రములలో ఇద్దరుగా నిలుచును. ఆ ఇద్దరును ఒక్కరేయని రుజువు చేసికొనుటకు ఆ వ్యక్తి కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చును.

ఆదిలాబాదు అడవుల వైపు పోయినచో ఈ సమస్య మరియొక మెట్టు ఎక్కును. నార్నూరు మండలములోని గుంజాల గ్రామములో గోండులు భద్రపరచుకొనిన వ్రాతప్రతులు ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలైన పండితుల కృషివలన వెలుగులోనికి వచ్చినవి. ఆ లిపికి గుంజాల గోండి అని పేరు వచ్చినది. 2018 జూనులో విడుదలయిన యూనికోడ్ 11వ కూర్పులో ఆ లిపికి 63 సంకేతములతో స్థానము లభించినది. ఒక చిన్న పల్లె పేరు ప్రపంచ ప్రమాణములో చేరుట మన ప్రాంతమునకు గర్వకారణము. కాని స్థానము లభించుటతో పని ముగియలేదు. యూనికోడ్ ఆరంభములో అక్షరములకు 65,536 స్థానములు చాలునని తలచిరి. అవి చాలక పోగా పిమ్మట పై అంతస్తులు కట్టిరి. తెలుగు క్రింది అంతస్తులోనే ఉన్నది. గుంజాల గోండి పై అంతస్తులో ఉన్నది. క్రింది అంతస్తే లోకమని తలచి చేసిన పాత భాగములు గోండి అక్షరము నొక్కదానిని రెండుగా లెక్కించును. కొన్ని దానిని నడిమికి విరుచును. అప్పుడు తెరమీద అక్షరమునకు బదులు ఖాళీ పెట్టెయో, ప్రశ్నార్థకమో కనబడును. ఆ లిపిలో తన పేరు వ్రాయ నేర్చిన బాలుడు దానిని కంప్యూటరులో వ్రాసి, ఖాళీ పెట్టెల వరుసను చూచినచో ఏమనుకొనును? తన అక్షరమే తప్పనుకొనును. తప్పు అక్షరములో లేదు, గడిలో ఉన్నది. ఈ సంగతి ఆ బాలునకు చెప్పువారుండవలెను. గడిని దిద్దువారును ఉండవలెను.

భాగములను తెచ్చుకొనుటలో మరి రెండు జాగ్రత్తలు కలవు. మొదటిది బరువు. ఒక్క బటను కొరకు పెద్ద భాండారమునంతటిని పుటకు తగిలించినచో, సిగ్నలు బలహీనముగా ఉన్న ఊరిలో ఆ పుట తెరచుకొనుటకు నిమిషములు పట్టును. ఎలక్ట్రాన్‌తో చేసిన అప్లికేషను తనతోపాటు ఒక పూర్తి బ్రౌజరునే మోసికొని వచ్చును; చిన్న గడియారమును చూపు పనికైనను ఆ బరువు తప్పదు. రెండవది పరాధీనత. 2016 మార్చిలో, పదునొకండు పంక్తుల చిన్న ప్రోగ్రామును దాని కర్త ఉమ్మడి భాండారమునుండి తొలగించగా, దానిపై ఆధారపడిన వేలకొలది ప్రోగ్రాముల నిర్మాణము ప్రపంచమంతట కొన్ని గంటలు నిలిచిపోయినది. దాని పేరు లెఫ్ట్‌ప్యాడ్. అది చేయు పని, మాటకు ఎడమవైపున ఖాళీలనో అంకెలనో చేర్చుట మాత్రమే. ఆపాటి పనిని తాము వ్రాసికొనగలవారు కూడ అరువు తెచ్చుకొనిరి. ఏది తెచ్చుకొనవలెనో, ఏది స్వయముగా చేసికొనవలెనో తెలియుటయే ఈ వృత్తిలోని నేర్పు.

ఈ నేర్పునకు తగిన యువకులు, యువతులు మన ప్రాంతమున కొరవడలేదు. బాసరలో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమున్నది. కొండగట్టు సమీపమున జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల ఉన్నది. 2020లో కరీంనగరులో ఐ.టి. టవరు ప్రారంభమైనది. వారికి మేము మనవి చేయునది స్వల్పము. తెచ్చిన భాగమును ఆంగ్ల నామముతో పరీక్షించి తృప్తిపడకుడు. గడిలో లక్ష్మీనారాయణ అని వ్రాసి చూడుడు. బటనుపై స్త్రీ అని వ్రాసి చూడుడు. గోండి అక్షరమును వ్రాసి, ఒకటి చెరిపి చూడుడు. కన్నులు మూసికొని చెవితో పుటను ఒకసారి నడపి చూడుడు. లోపము కనబడినచో మీ పుటలో మాత్రము అతుకు వేసి ఊరకుండకుడు. ఈ భాగములలో పెక్కింటి మూలము బహిరంగముగానే ఉన్నది. ఎవరైనను దోషమును తెలుపవచ్చును, సవరణ పంపవచ్చును. ఆ సవరణ అంగీకరింపబడినచో అది కరీంనగరుకే కాక, ఆ భాగమును వాడు ప్రతి దేశమునకును చేరును. ఒకచోటి ఒప్పు అన్నిచోట్ల ఒప్పగునని పైన చెప్పినది ఇందుకే.

పాత రేడియోల పలకలపై లండను, ఢిల్లీ, సిలోను వంటి పేర్లు అచ్చువేసి ఉండెడివి. మన ఊరి పేరు దానిపై లేకపోయినను లోటు లేకుండెను. ముల్లును మెల్లగా జరుపుచు పోయినచో ఎక్కడనో ఒకచోట మన మాట వినబడెడిది. దరఖాస్తు గడికి ఆ ఔదార్యము లేదు. అందులో పేరు పట్టనివాడు, జిల్లా కనబడనివాడు, అక్షరము నిలువనివాడు బయటనే నిలిచిపోవును. కావున ఆ గడిని ఎన్నుకొను చేతికి బాధ్యత ఎక్కువ.