స్లాటు మారినా పర్లేదు, పిన్ను మారితేనే...

1977లో వచ్చిన ఆపిల్ టూ కంప్యూటర్ పైమూత తీయడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, చేత్తో లాగితే వచ్చేస్తుంది. లోపల వెనకవైపు కార్డులు గుచ్చడానికి వరసగా 8 స్లాట్లు. ప్రింటరుకొకటి, మోడెముకొకటి, రెండు చాలన్నాడు స్టీవ్ జాబ్స్. ఎనిమిదీ ఉండాల్సిందేనని స్టీవ్ వోజ్నియాక్ భీష్మించాడు. ఆయనే నెగ్గాడు.

ఆ రోజుల్లో చాలా మెషీన్లలో కార్డు మీది బుల్లి స్విచ్చులో, జంపర్లో సర్ది దానికో అడ్రసు ఇవ్వాల్సి వచ్చేది. రెండు కార్డులకు ఒకే అడ్రసు పడితే ప్రాసెసర్ ఒకదాన్ని పిలిచినప్పుడు రెండూ పలుకుతాయి. ఆపిల్ టూలో ఆ గొడవ లేదు. ఇంటి నంబరు ఇంటిదే గానీ అద్దెకు దిగినవాడిది కాదు కదా, ఇక్కడా అడ్రసు స్లాటుదే. మదర్‌బోర్డు మీది డీకోడర్ చిప్పు అడ్రసు చూసి, ఆ ఒక్క స్లాటుకు వెళ్లే విడి తీగ మీద సంకేతం పంపుతుంది.

మరి కార్డులోని ప్రోగ్రాముకు తాను ఏ స్లాటులో ఉందో ఎలా తెలుస్తుంది? నాకు బాగా నచ్చిన కిటుకు ఇదే. 1978 నాటి డిస్క్ టూ ఫ్లాపీ డ్రైవు కార్డులోని బూట్ ప్రోగ్రాము, కంప్యూటర్ రోమ్‌లో ఒకచోట ఉన్న 'వెనక్కి వెళ్లు' అనే ఒక్క ఆదేశం దగ్గరికి ఊరికే వెళ్లొస్తుంది. వెళ్లేముందు ప్రాసెసర్ తిరుగుదారి అడ్రసును స్టాక్‌లో రాసుకుంటుంది. తిరిగొచ్చాక కూడా ఆ అంకెలు అక్కడే చెరగకుండా ఉంటాయి. ప్రోగ్రాము తొంగిచూస్తుంది. హెక్సాలో సీ6 కనిపిస్తే తానున్నది 6వ స్లాటు, సీ5 అయితే 5వది. అందుకే డిస్క్ కార్డును అలవాటైన 6 వదిలి 5లో పెట్టినా, అక్కణ్నుంచి బూట్ చేయమంటే చేస్తుంది.

ఇంత తెలివైన కార్డుకు డ్రైవు కేబుల్ తగిలించే చోటు చూడండి. రెండు వరసల్లో 20 పిన్నులు, చుట్టూ ప్లాస్టిక్ గోడైనా లేదు. చీకట్లో వేళ్లతో తడుముతూ నొక్కితే కనెక్టరు ఒక పిన్ను పక్కకు జరిగినా దిగిపోతుంది. 5 వోల్టుల పిన్ను పక్కనే 12 వోల్టులది! అటు జరిగిందంటే 5 వోల్టుల చిప్పుల్లోకి 12 వోల్టులు పోతాయి. తరచూ బలయ్యేది డ్రైవులోని 74ఎల్‌ఎస్125 అనే 14 కాళ్ల చిప్పు. ఒకే తీగను రెండు డ్రైవులు పంచుకుంటాయి కనుక, వంతు కాని డ్రైవు నోరు మూయించడం దాని పని. అది కాలిపోయాక మోటారు తిరుగుతూనే ఉంటుంది, హెడ్డు టకటకలాడుతుంది, అక్షరం ముక్క మాత్రం రాదు. 8 చిప్పులతో ఈ కార్డును ముగించిన వోజ్నియాక్ ఓ ప్లాస్టిక్ గాడి మరిచాడంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

1984లో డ్యుయోడిస్క్ డ్రైవుతో డీ ఆకారపు కనెక్టరు వచ్చింది. తిరగేస్తే దూరదు. ఐబీఎం పీసీల జంపర్ల తంటా 1995లో ప్లగ్ అండ్ ప్లే దాకా సాగింది. జాబ్స్ మాట నెగ్గిందీ 1984లోనే. ఆ ఏడాది వచ్చిన మెకింతోష్‌లో ఏ కార్డూ తప్పుగా పెట్టలేం, పెట్టడానికి స్లాటంటూ ఉంటేగా!