పిచ్చికుక్క అని తేల్చే ముందు.. ‘సర్రా’ గురించి తెలుసా?

పేట్ బషీరాబాద్ వైపు కాలనీల్లో చొంగ కారుస్తూ, తూలుతూ తిరిగే కుక్క కనిపిస్తే వెంటనే వచ్చే మాట ‘పిచ్చి పట్టింది’. ఆ వెంటే కర్రలు లేస్తాయి. అది రేబిస్ కావచ్చు. మందులతో నయమయ్యే ‘సర్రా’ కూడా కావచ్చు.

ఏమిటీ సర్రా?

ట్రిపనోసోమా ఇవాన్సీ అనే పరాన్నజీవి రక్తంలో చేరి తెచ్చే జబ్బు ఇది. 1880లో గుర్రాలు, ఒంటెల రక్తంలో దీన్ని గ్రిఫిత్ ఇవాన్స్ గుర్తించారు. జోరీగలు ఒక పశువును కుట్టి, అదే రక్తపు మూతితో మరో జంతువును కుట్టినప్పుడు సోకుతుంది. ఆవులు, గేదెల్లో చాలాసార్లు లక్షణాలే కనిపించవు. అందుకే కొట్టాల పక్కన తిరిగే కుక్కలకు, ముఖ్యంగా వానాకాలంలో, ముప్పు ఎక్కువ. జబ్బు పశువు పచ్చి మాంసం తిన్నా రావచ్చు. 2000లో ఒడిశాలోని నందన్‌కానన్ జూలో పులుల మరణాలకు కారణం ఈ జబ్బే.

ఎలా గుర్తించాలి?

జ్వరం వచ్చి పోతుంటుంది. కుక్క చిక్కిపోతుంది, ముఖం, కాళ్లు వాస్తాయి. కంటిపై తెల్లటి పొర కమ్మితే సర్రాను అనుమానించాలి. మెదడుకు చేరితే తూలడం, మీదపడటం మొదలవుతాయి. ఈ దశలో చూసి రేబిస్ కాదని ఎవరూ చెప్పలేరు.

రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూస్తే పరాన్నజీవి కనిపిస్తుంది. ఒక్కోసారి దొరకదు, మళ్లీ చూడాల్సి రావచ్చు. ఎక్కువగా వాడే డిమినజీన్ మందు మెదడులోకి సరిగా చేరదు. కాబట్టి జ్వరం దశలోనే డాక్టర్‌కు చూపించాలి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది.

మనుషులకు వస్తుందా?

చాలా అరుదు. 2004లో మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా రైతు ఒకరికి సోకింది, చికిత్సతో కోలుకున్నారు.

కరిస్తే మాత్రం ‘సర్రానేమో’ అని ఆగొద్దు. గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించుకోవాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

వీధికుక్కయితే?

దగ్గరికి వెళ్లకుండా మున్సిపల్ వెటర్నరీ విభాగానికి ఫిర్యాదు చేయాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పశువైద్యుడు, జంతు సంక్షేమ సంస్థ ప్రతినిధి ఆ కుక్కను పరిశీలించాలి. రేబిస్ లక్షణాలు బలంగా ఉంటే విడిగా ఉంచుతారు. వేరే జబ్బని తేలితే సంక్షేమ సంస్థకు అప్పగించి వైద్యం చేయించాలి. కొట్టి చంపే అధికారం ఎవరికీ లేదు.